ఏ గాడీది?

మా అబ్బా గాడీ 1972 మోడల్ అంబాసిడర్, మార్క్ టూ. 1988లో ఆయన దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు నేను ఉర్దూ మీడియం బడిలో ఆరో క్లాసు. తెనాలి స్టాండులో పెట్టి పద్నాలుగేళ్లు కిరాయికి తిప్పారు. ఆపా షాదీ, నా తెలుగు డిగ్రీ, ఇంటి మీద స్లాబు, అన్నీ ఆ నాలుగు చక్రాల మీదే వచ్చాయి. మోకాళ్లు మొరాయించాక కిరాయిలు మానేసి, సొంత బోర్డు చేయించుకుని, ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబెట్టుకున్నారు. జుమా రోజు మస్జిద్‌కి, నెలకోసారి విజయవాడలో నా దగ్గరికి. అంతే దాని సఫర్.

పోయిన అక్టోబరులో ఆ గాడీ మమ్మల్ని చంపినంత పని చేసింది.

విజయవాడలో చెల్లెలి కొడుకు అకీఖా. దావత్ అయ్యేసరికి ఇషా దాటింది. ఒకటే వాన. అమ్మీ వెనక సీట్లో, నేను ముందు, స్టీరింగ్ దగ్గర డెబ్భై రెండేళ్ల అబ్బా. నేను నడుపుతానంటే "ఇది నీ మాట వినదు రే" అంటారు, ప్రతిసారీ అదే జవాబు. దుగ్గిరాల దాటాక ఒక రైలు గేటు పడింది. ఇంజను స్లోలో కొట్టుకుంటోంది. చూస్తుండగానే హెడ్‌లైట్లు చిమ్నీ దీపంలా పసుపెక్కాయి. వైపర్లు అద్దం మీద ఈడ్చుకుంటున్నాయి. ఆంమీటర్ ముల్లు మైనస్ వైపు పడుకుంది. గూడ్సు బండి పోయే వరకూ పది నిమిషాలు అలాగే ఉన్నాం.

గేటు తీశారు. ఫర్లాంగు కూడా పోలేదు. ముందు రోడ్డు మీద ఇటుకల ట్రాలీ ఒకటి నిలబడి ఉంది, వెనక ఎర్ర లైటు లేదు, రేడియం ముక్క లేదు. మా లైట్లకు అది కనబడేసరికి దాదాపు మీద పడిపోయాం. అబ్బా బ్రేక్ మీద నిలబడ్డారు. గాడీ అడ్డంగా జారి, ట్రాలీకి మూరెడు దూరంలో ఆగింది. అమ్మీ "యా అల్లా" అన్న మాట తప్ప ఇంటికి చేరే వరకూ ఎవరం ఏమీ మాట్లాడలేదు.

పొద్దున ఫజర్ తర్వాత చాయ్ తాగుతూ నేను మొదలుపెట్టాను. అమ్మేద్దాం అబ్బా, ఇంకా ఎన్నాళ్లు? రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఐదేళ్లకోసారి, 2022లోనే దానికి కారుకి ఐదు వేలు చేశారు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ఎందుకిదంతా? ఆయన సాసర్‌లో పోసుకున్న చాయ్ అయిపోయే వరకూ ఆగి అన్నారు. "గాడీకా కసూర్ నై బేటా. డైనమోకా కసూర్."

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. మీ ఇళ్లలో పాత అంబాసిడర్, పాత ఫియట్, పాత జీపు ఇంకా బతికి ఉంటే ఈ ముక్క మీకు పనికొస్తుంది.

డైనమోలో కరెంటు పుట్టేది తిరిగే ఆర్మేచర్‌లో. పుట్టిన కరెంటు మొత్తం కార్బన్ బ్రష్షుల మీదుగానే బయటికి రావాలి. మరీ జోరుగా తిప్పితే ఆ ఆర్మేచర్ తట్టుకోదు, అందుకే దానికి పెద్ద పుల్లీ పెట్టి మెల్లగా తిప్పుతారు. మెల్లగా తిరగడం వల్ల ఇంజను స్లోలో ఉన్నప్పుడు అది దాదాపు ఏమీ ఇవ్వదు. ఆల్టర్నేటర్‌లో ఉల్టా. తిరిగేది మక్నాతీస్, కరెంటు పుట్టేది దాని చుట్టూ కదలకుండా కూర్చున్న తీగ చుట్టల్లో. బ్రష్షుల మీదుగా పోయేది రెండు మూడు ఆంపియర్లే. చిన్న పుల్లీ పెట్టి ఎంత జోరుగా తిప్పినా పర్వాలేదు, గేటు దగ్గర నిలబడ్డా చార్జింగ్ ఇస్తూనే ఉంటుంది.

మక్నాతీస్ అన్నాను కదా, ఆ లఫ్జ్ నాకు మా సైన్స్ మౌల్వీ సాబ్ నేర్పింది. కరెంటుని బర్కీ రౌ అనేవారు. తెలుగు డిగ్రీలో చేరాక అదే అయస్కాంతం, విద్యుత్ ప్రవాహం అయింది. ఆటోనగర్‌కి పోతే ఈ రెండు జతలూ పనికి రావు. అక్కడ దాని పేరు ఆల్టినేటర్, అంతే. రెండు జబాన్లలో చదువుకున్నానన్న నా గురూర్ అక్కడ ఒక్క గంటలో దిగిపోయింది.

అబ్బా హిసాబ్ వేసి చూపించారు. హాలోజన్ బల్బులు డిమ్‌లో ఒక్కోటి 55 వాట్లు, రెండూ కలిపి 110, పన్నెండు వోల్టులతో భాగిస్తే తొమ్మిది ఆంపియర్లు. వెనక లైట్లకు రెండు. ఇగ్నిషన్ కాయిల్‌కు మూడు నాలుగు. వైపర్‌కు మూడు. ఆయన అమ్మీ కోసం పెట్టించిన చిన్న ఫ్యాన్‌కు రెండు. అంతా కలిపి ఇరవై. మా గాడీలో ఉన్న లూకాస్ సీ40 రకం డైనమో పూర్తి జోరులో ఇచ్చేదే 22. ఇంక హారన్ కొడితే మిగిలేదేముంది?

సరే, ఆల్టర్నేటర్ తెస్తాను, అదేమంత పని అన్నాను.

మరుసటి ఆదివారం విజయవాడ జవహర్ ఆటోనగర్‌కి ఒక్కణ్నే పోయాను. అక్కడికి పోయినవాళ్లకు తెలుసు, బాడీ బిల్డింగ్ షెడ్లు, లేత్ షాపులు, పాత సామాన్ల గుట్టలు, అన్నం క్యారేజీ మూతల మీద కూడా గ్రీజు మరకలు. ఒక షాపులో ఆల్టర్నేటర్లు కొబ్బరికాయల్లా రాశి పోసి ఉన్నాయి. నేను లేబుళ్లు చదవడం మొదలుపెట్టాను. చదవడం నా పేషా కదా. 36, 45, 55... ఒకదాని మీద 75 ఆంపియర్లు. చూడ్డానికి కొత్తది, మెరుస్తోంది, అల్యూమినియం మీద గీత కూడా లేదు. నలభై చెప్పే దగ్గర 75 దొరుకుతుంటే వదులుకుంటానా? మూడు వేల రెండొందలు ఇచ్చి సంచిలో వేసుకుని, ఫతే చేసినట్టు తెనాలి బస్సెక్కాను.

అబ్బా దాన్ని ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయనకి ఒక కంట్లో మోతియా, ఇంకా ఆపరేషన్ కాలేదు. అందుకని వేళ్లతో తడుముతారు. పుల్లీ మీద వేలు పెట్టి తిప్పి, "ఇదేంటి?" అన్నారు. సన్న గాళ్లు, ఆరు ఉన్నాయి, వెడల్పు పట్టీ బెల్టుకి చేసినవి. మా గాడీది ఒకే గాడి ఉన్న వీ బెల్టు. చెవులు, అంటే బోల్టులు పట్టే చోట్లు, రెండూ సూటిగా ఇంజనుకి బిగించడానికే ఉన్నాయి, బెల్టు బిగించుకునేందుకు జరిపే వీలు లేదు. వెనక కనెక్టర్‌లో సన్న పిన్నులు. తర్వాత ఉస్తాద్ చెప్పారు, ఇది కొత్త గాడీలది, దీనికి ఎంత చార్జింగ్ ఇవ్వాలో గాడీలోని కంప్యూటర్ హుకుం చేస్తుంది, ఆ హుకుం లేకపోతే దీని మీద భరోసా పెట్టుకోలేం అని. ఇంత ఆంపియర్లను మోయడానికి మా పాత వైరింగ్ సరిపోదు, బెల్టు కూడా జారుతుంది.

ఇవన్నీ అబ్బా ఆ రోజు అనలేదు. ఒక్క మాటే అడిగారు.

"ఏ గాడీది ఇది?"

నాకు తెలీదు. నేను అడగలేదు.

ఇరవై ఏళ్లుగా నేను డెస్క్ మీద కూర్చుని చిన్న రిపోర్టర్లను అడిగే మాట అదే. ఎవరు చెప్పారు, ఎక్కడి నుంచి వచ్చింది, కాగితం ఉందా? ఒక పావు కాలమ్ వార్తకి నేను అడిగే సవాల్, మూడు వేల రెండొందల సామానుకి నోట్లోంచి రాలేదు. లేబుల్ చదివి సరిపెట్టుకున్నాను. షాపుకి మళ్లీ పోయి అడిగితే ఆయన కళ్లెత్తకుండా "లాట్‌లో వచ్చింది సార్, మాకేం తెలుస్తుంది" అన్నాడు. వాపస్ తీసుకోనన్నాడు. ఆయన మీద నాకు ఏ షక్‌కీ సబూత్ లేదు, ఆ మాట కూడా చెప్పాలి. లాట్‌లో వచ్చే సామాను నిజంగానే లాట్‌లో వస్తుంది.

కానీ గీత పడని ఆల్టర్నేటర్, యాక్సిడెంట్ అయిన బండిదైతే ఎంత అదృష్టం చేసుకుంది? అబ్బాకి ఆ ఒక్క విషయమే మింగుడు పడలేదు. దొంగ సొత్తని తెలిసి కొనడం చట్టంలో నేరం. ఐపీసీలో 411 సెక్షన్, 2024 జులై నుంచి బీఎన్‌ఎస్‌లో 317. ఆ నంబర్లు నేను చెప్తే ఆయన విన్నారు గానీ పెద్దగా పట్టించుకోలేదు. ఆయన హిసాబ్ వేరు. స్టాండులో ఉన్న రోజుల్లో ఒక రాత్రి ఈ అంబాసిడర్ బ్యాటరీ, స్టెప్నీ రెండూ పోయాయట. అది రంజాన్ నెల. ఈద్ కిరాయిలన్నీ పోయి, ఆ ఏడు నాకూ ఆపాకీ కొత్త బట్టలు రాలేదు. ఆ బ్యాటరీని ఎవరో ఎక్కడో "లాట్‌లో వచ్చింది" అనే కొనుక్కుని ఉంటారు కదా, అన్నారు. నాకు ఆ ఈద్ గుర్తుంది. కారణం మాత్రం ముప్ఫై ఏళ్ల తర్వాత ఇప్పుడు తెలిసింది.

ఈసారి ఆయనే బయల్దేరారు. ముందు రోజు గాడీలోంచి డైనమోని బ్రాకెట్‌తో సహా విప్పించి, అరుగు మీద మా పేపర్ పరిచి, దాన్ని పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీశారు. బోల్టు రంధ్రాల దగ్గర మేకుతో పొడిచారు. చెవికీ చెవికీ మధ్య దూరం దారంతో కొలిచి ముడులు వేశారు. నేను రాత్రంతా పేజీ పెట్టిన ఎడిషన్ అది. నా హెడ్డింగ్ మీదుగా గ్రీజు గీత పోయింది. డైనమోని గోనెసంచిలో కట్టి నా నెత్తిన పెట్టారు.

ఆటోనగర్‌లో ఆయన నడక చూడాలి. ఇంట్లో మోకాళ్లు పట్టుకుని లేచే మనిషి అక్కడ నాకంటే ముందున్నారు. గుట్ట దగ్గర కూర్చుని ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతున్నారు. పెద్దది, బరువుది ఎత్తి చూసి, "24" అన్నారు. లారీలది. మన పన్నెండు వోల్టుల గాడీకి పెడితే 28 వోల్టులు తోసి బ్యాటరీని ఉడకబెడుతుంది. ఇంకొకటి నాకు నచ్చింది, వీ పుల్లీ ఉంది, చెవులు కూడా పేపర్ మీద గీతకి సరిపోయాయి. వెనక మాత్రం ఒక డబ్బా లాంటిది అతుక్కుని ఉంది, దానికి రెండు మూడు పైపు మూతులు. అబ్బా తల అడ్డంగా ఊపారు. అది వాక్యూమ్ పంపు, డీజిల్ బండ్లది. డీజిల్ ఇంజనులో బ్రేక్ బూస్టర్‌కి కావలసిన వాక్యూమ్ ఈ పంపే లాగుతుంది, దానికి ఇంజను ఆయిల్ పైపు ఉంటుంది. పెట్రోలు గాడీకి పెడితే ఆయిల్ లేక ఎండిపోయి పట్టేస్తుంది. ఇక డీజిల్ బండికి చవగ్గా దొరికిందని పంపు లేనిది పెట్టేవాళ్ల సంగతి అంతకంటే ఘోరం. చార్జింగ్ బ్రహ్మాండంగా ఉంటుంది, బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది. మీలో జీపులు, డీజిల్ వ్యాన్లు ఉన్నవాళ్లు ఈ ఒక్కటి యాద్ పెట్టుకోండి, మిగతావన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు.

మూడో యార్డులో ఒక అంబాసిడర్ అస్థిపంజరం కనబడింది. మా దానికంటే చాలా తర్వాతి మోడల్, కానీ అదే పాత 1489 సీసీ పెట్రోలు ఇంజను. తలుపులు లేవు, సీట్లు లేవు. ఇంజను మీద ఆల్టర్నేటర్ ఇంకా బెల్టుతో సహా ఉంది. అబ్బా దాని దగ్గర నిలబడి చాలాసేపు చూశారు. తర్వాత యార్డు యజమానిని పిలిచి సలాం లేదు, నమస్తే లేదు, నేరుగా అడిగారు.

"ఈ బండి ఎవరిదండీ?"

యజమాని కొట్లోకి వెళ్లి ఫైల్ తెచ్చాడు. ఆర్‌సీ జిరాక్సు, ఆర్టీఓ దగ్గర రద్దు చేయించిన కాగితం, అమ్మినవాళ్ల సంతకాలు. రేపల్లె వైపు ఒక పెద్దాయన బండి. ఆయన పోయాక కొడుకులు హైదరాబాద్ నుంచి వచ్చి ఇచ్చేసి వెళ్లారు. అబ్బా కళ్లద్దాలు మార్చుకుని ఆ పేరు నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాతే స్పానర్ అడిగారు.

విప్పిన ఆల్టర్నేటర్‌ని పేపర్ మీద పెడితే ముందు చెవి గీతలో కూర్చుంది. వెనక చెవి మాత్రం వేలెడు ముందుకి ఉంది. డైనమో పొడుగు, ఆల్టర్నేటర్ పొట్టి, అది మామూలేనట. లేబుల్ మీద 12 వోల్టులు, 36 ఆంపియర్లు. నా 75 ముందు సగం కూడా కాదు. పద్దెనిమిది వందలకి బేరం తెగింది, కానీ డబ్బు టెస్టు అయ్యాకే అని అబ్బా షరతు.

అక్కడే రెండు సందుల అవతల ఆయన పాత దోస్తు, ఆటో ఎలక్ట్రీషియన్. అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన ముందుగా పుల్లీని చేత్తో తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నారు. గరగర ఉంటే బేరింగు పోయినట్టు. షాఫ్టుని అటూ ఇటూ ఊపారు. వెనక మూత విప్పి ముక్కుతో వాసన చూశారు. చుట్టలు కాలి ఉంటే వాసన వేళ్లకు అంటుతుందట, నల్లగా మాడి కనిపిస్తాయి కూడా. బ్రష్షులు ఎంత మిగిలాయో చూశారు. మీటర్ పెట్టి రెండు స్లిప్ రింగుల మధ్య కొలిస్తే నాలుగు ఓములు వచ్చింది. రింగుకీ షాఫ్టుకీ మధ్య ఏమీ రాకూడదు, రాలేదు. డయోడ్లకు బల్బు పెట్టి చూశారు. ఒక వైపు వెలగాలి, తీగలు మార్చితే వెలగకూడదు. ఒక డయోడ్ రెండు వైపులా వెలిగింది. "ఏక్ మర్ గయా" అని, డయోడ్ ప్లేటు నాలుగొందలకి మార్చారు. అప్పుడు మోటారు బెంచి మీద పెట్టి తిప్పితే ముల్లు 14.2 దగ్గర నిలబడింది. లైట్లు కలిపినా కదల్లేదు.

నేను సంచిలో తెచ్చుకున్న 75ని కూడా బయటికి తీశాను. ఉస్తాద్ దాన్ని పైకెత్తి చూసి, "బహుత్ అచ్ఛా మాల్ హై, దూస్రే కా" అన్నారు. వేరే గాడీకి మంచిది అనే ఆయన మతలబ్. నాకు ఇంకోలా వినబడింది.

బిగింపు సంగతి త్వరగా చెప్పేస్తాను. వెనక చెవి దగ్గర సందుకి లేత్ షాపులో బుష్ తిప్పించారు. పుల్లీల వరసను స్టీలు స్కేలు ఆనించి చూశారు. బెల్టు బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగేలా బిగించారు. బ్యాటరీ మైనస్ బాడీకి ఉందో లేదో అన్నిటికంటే ముందే చూసుకున్నారు. పాత బ్రిటిష్ నమూనా బండ్లలో చాలావాటికి ప్లస్ బాడీకి ఉండేది, చూడకుండా కలిపితే డయోడ్లు ఒక్క క్షణంలో పోతాయి. మాది అదృష్టం, మైనస్సే. పాత కటౌట్ డబ్బా పని అయిపోయింది. కొత్తగా లావు వైరు ఒకటి ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ వైపు లాగి మధ్యలో ఫ్యూజు పెట్టారు. ఆంమీటర్ తీసేసి వోల్ట్ మీటర్.

అంతా చేసి స్టార్ట్ చేస్తే చార్జింగ్ సున్నా. ఉస్తాద్ మొహం వాడిపోయింది, నాకు మళ్లీ పాత షక్. అరగంట వెతికితే తేలింది, డాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే చార్జింగ్ బల్బుని మా బామర్ది ఎప్పుడో షోకు కోసం ఎల్‌ఈడీ చేశాడు. ఆ చిన్న బల్బు మీదుగా పోయే కరెంటే ఆల్టర్నేటర్‌ని మొదట మేల్కొలిపేది. ఎల్‌ఈడీ అంత పోనివ్వదు. పాత 2.2 వాట్ల బల్బు పెట్టి, ఒకసారి యాక్సిలరేటర్ తొక్కగానే ఎర్ర లైటు ఆరిపోయింది. పది రూపాయల బల్బు.

నా 75 ఇప్పటికీ మా మంచం కింద గోనెసంచిలో ఉంది. ఓఎల్‌ఎక్స్‌లో పెడితే రెండు వేలైనా రావా అని నేను ఒకసారి అన్నాను. "ఏ గాడీదో తెలీని మాల్‌ని ఇంకొకళ్ల మెడకి కట్టకు" అన్నారు అబ్బా. అమ్మలేం, పెట్టలేం. ఊడ్చేటప్పుడల్లా మా బేగం ఒక మాట అంటుంది, అది ఇక్కడ రాయను.

జనవరిలో అమ్మీని కంటి డాక్టరుకి చూపించి రాత్రి తెనాలి వెళ్తుంటే, మళ్లీ అదే గేటు పడింది. మంచు. ఇంజను స్లోలో కొట్టుకుంటోంది. ముందున్న లారీ వెనక రాసిన అక్షరాలు స్పష్టంగా చదవగలిగాను. అమ్మీ వెనక నుంచి ఫ్యాన్ ఆపమంది, చలి వేస్తోందట. వోల్ట్ మీటర్ ముల్లు పద్నాలుగు దగ్గర ఉంది.

అబ్బా చాలాసేపు ఆ ముల్లు వైపే చూసి అడిగారు, "ఆ రేపల్లె ఆయన పేరేంటి రే, కాగితంలో?"

చెప్పాను.

"గాడీని బాగా చూసుకున్నాడు" అన్నారు. గేటు లేచింది.